స్కోరు అడగండి, సాక్ష్యం అడక్కండి

భారత్, పాకిస్తాన్ మ్యాచ్ ఉందంటే ఈ దేశంలో కోట్లమందికి పండగ. మాకు మాత్రం పరీక్ష. ముందురోజు నుంచే మా అమ్మీలు పిల్లలకు జాగ్రత్తలు చెప్పడం మొదలుపెడతారు. 'బయట నోరు విప్పకు బేటా. వాళ్లు ఔటయితే అందరికంటే ముందు నువ్వే చప్పట్లు కొట్టు. మనవాళ్లు ఔటయినప్పుడు ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడకు.' ఆ రోజు కిరాణా కొట్టాయన, చాయ్ హోటల్లో ఎదురు కూర్చున్నాయన, ఆఫీసులో పక్క కుర్చీలో ఆయన, అందరూ మమ్మల్ని అడిగేది ఒక్కటే. 'ఏం సాయిబూ, మీవాళ్లు ఎట్లా ఆడుతున్నరు?' మాలో పత్రికల్లో పనిచేసేవాళ్లకీ ఇది తప్పదు. మన జట్టు గెలుపు వార్త రాస్తూ కూర్చున్నవాణ్ణి పట్టుకుని కూడా 'మీవాళ్లు ఓడిపోయిన్రు పాపం' అని పరామర్శిస్తారు. నవ్వులాటకే అంటారు. మా తాతముత్తాతలు ఏ మట్టిలో కలిశారో ఆ మట్టి నుంచి ఒక్క మాటతో మమ్మల్ని పెరికి అవతల పారేసే నవ్వులాట అది.

క్రీడలు మనుషుల్ని కలుపుతాయని చెప్పేవాళ్లకి ఉదాహరణల కరువు లేదు. 1971లో అమెరికా టేబుల్ టెన్నిస్ ఆటగాళ్లు చైనా వెళ్లారు, మరుసటి ఏడు నిక్సన్ వెళ్లాడు. 1995లో దక్షిణాఫ్రికా రగ్బీ ప్రపంచకప్ గెలిస్తే, మండేలా ఆ జట్టు చొక్కా తొడుక్కుని వచ్చి కప్పు అందించాడు. ఇవి జరిగినవే, మేం కాదనం. కానీ రెండోదాన్ని కాస్త నిదానంగా చూడమంటాం. ఆ చొక్కా నల్లవాళ్లకి దశాబ్దాలపాటు అవమానపు గుర్తు. మండేలా దాన్ని ఏ పొరుగుదేశంతో సంధి కోసమూ తొడుక్కోలేదు. తన దేశంలోనే ఒకరినొకరు నమ్మని జనం మధ్య నమ్మకం పుట్టాలని తొడుక్కున్నాడు. అంటే ఆట వల్ల జరిగిన మేలు ముందు ఇంటి లోపల జరిగింది. మన దగ్గర అంతా తలకిందులు. ఆటను సరిహద్దు దాటించి శాంతి తెస్తామంటారు. ఇంటి లోపల అదే ఆటను మా నెత్తిన లాఠీలా తిప్పుతారు.

సరిహద్దు అవతలి శాంతి కథ కూడా చూద్దాం. 1987 ఫిబ్రవరిలో ఇరువైపులా సైన్యాలు మోహరించి ఉండగా జనరల్ జియా టెస్ట్ మ్యాచ్ చూసే మిషతో జైపూర్ వచ్చాడు. 1999 జనవరిలో పాకిస్తాన్ జట్టు ఇక్కడ ఆడింది, ఫిబ్రవరిలో వాజపేయి లాహోర్‌కి బస్సులో వెళ్లాడు, మే నాటికి కార్గిల్ కొండల మీద తుపాకులు పేలాయి. 2004లో మన జట్టు పాకిస్తాన్ వెళ్తే వేలమంది భారతీయులు వీసాలు తీసుకుని వెళ్లి వాళ్ల ఇళ్లల్లో విందులు తిని వచ్చారు. 2008 నవంబర్‌లో ముంబై మీద దాడి జరిగింది, తలుపులు మూసుకున్నాయి. 2011 మార్చి 30న మొహాలీలో మన్మోహన్ సింగ్, గిలానీ పక్కపక్కన కూర్చుని ప్రపంచకప్ సెమీఫైనల్ చూశారు. 2012 డిసెంబర్‌లో మొదలై 2013 జనవరిలో ముగిసిన చిన్న సిరీస్‌తో ఆ ముచ్చటా తీరింది. తుమ్మితే ఊడే ముక్కులాంటి స్నేహం ఇది. అవసరమైనప్పుడు పెట్టుకుంటారు, అవసరం తీరితే తీసేస్తారు.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. మతం అడిగి మరీ చంపిన ఆ హంతకులను అసహ్యించుకోవడంలో మేం ఎవరికీ తీసిపోం. ఆ 26 మందిలో గుర్రం నడిపి బతికే ఒక కశ్మీరీ ముస్లిం కూడా ఉన్నాడు. సెప్టెంబర్‌లో దుబాయ్‌లో ఆసియా కప్ వచ్చింది. ఆడటానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. టీవీ ప్రసారాల డబ్బుకూ అభ్యంతరం లేదు. చెయ్యి కలపడానికే అభ్యంతరం. సెప్టెంబర్ 28న ఫైనల్ గెలిచాక, కప్పును పాకిస్తాన్ మంత్రి చేతిమీదుగా తీసుకోబోమన్నారు. ఆడకూడదనుకుంటే ఆడకండి, అదొక నిర్ణయం. ఆడతామంటే మర్యాదగా ఆడండి, అదీ ఒక నిర్ణయమే. డబ్బు కోసం ఆడి, పౌరుషం కోసం చెయ్యి వెనక్కి పెట్టుకోవడం ఏ రకం దేశభక్తి?

ఢిల్లీకీ ఇస్లామాబాద్‌కీ మధ్య నడిచే ఈ భాగోతంలో మా పాత్ర ఏమిటని అడగొచ్చు. పాత్ర లేదు, సుంకం మాత్రం ఉంది. అది మా గల్లీల్లో వసూలవుతుంది. 1991లో శివసైనికులు ముంబై వాంఖడే పిచ్ తవ్వారు, 1999లో ఢిల్లీ కోట్లా పిచ్ తవ్వారు. పిచ్ మళ్లీ పూడ్చుకోవచ్చు. భారత్ ఓడినప్పుడల్లా ముస్లింల కళ్లలో నీళ్లు చూడాలని బాల్ థాక్రే అన్న మాట తవ్విన గొయ్యి ఈనాటికీ పూడలేదు. 1990లో ఇంగ్లండ్‌లో నార్మన్ టెబిట్ అనే నాయకుడు కూడా ఇలాంటి పరీక్షే పెట్టాడు. వలస వచ్చినవాళ్లు ఏ జట్టు గెలవాలని కోరుకుంటారో దాన్నిబట్టి వాళ్ల విధేయత తేల్చాలన్నాడు. కనీసం ఆయన అడిగింది వలస వచ్చినవాళ్లని. మేం ఎక్కణ్ణుంచి వలస వచ్చామని మాకీ పరీక్ష?

ఈ పరీక్షలో తప్పినవాళ్లకి శిక్షలూ ఉన్నాయి. 2014లో మీరట్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం, పాకిస్తాన్ గెలుపుకి కేరింతలు కొట్టారని అరవై మందికి పైగా కశ్మీరీ విద్యార్థుల్ని బయటికి పంపింది. పోలీసులు రాజద్రోహం కేసు పెట్టి, దేశమంతా నిలదీశాక వెనక్కి తీసుకున్నారు. 2017 జూన్‌లో చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ మనం ఓడాక మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్ జిల్లాలో ఒక ఊరి ముస్లింలను, టపాకాయలు కాల్చారంటూ పట్టుకుపోయారు. కూలీనాలీ చేసుకునే బీదవాళ్లు. 2023లో కోర్టు వాళ్లు నిర్దోషులని తేల్చింది. ఆ ఆరేళ్లలో వాళ్లలో ఒకాయన ప్రాణం తీసుకున్నాడు. ఒక క్రికెట్ మ్యాచ్ ధర ఇంత ఉంటుందా?

చట్టానికంటే ముందు నడిచేది భాష. మేం రెండు భాషల్లో వార్తలు చదివి, రెండు భాషల్లో రాసి బతికేవాళ్లం. ఉర్దూ పత్రికలు పాకిస్తాన్ జట్టును 'రివాయతీ హరీఫ్' అంటాయి. అంటే చాలాకాలంగా తలపడుతున్న ప్రత్యర్థి అని. తెలుగు పత్రికలు 'దాయాది' అంటాయి. దాయాదుల సమరం, దాయాదుల పోరు, దాయాదిపై దెబ్బ. నిజానికి దాయాది ఎంత మంచి మాట! ఒకే తాత ఆస్తిలో పాలున్నవాడు దాయాది. పొలం గట్టు దగ్గర కొట్లాడినా, ఆ ఇంట చావయితే ఈ ఇంట మైల పట్టాల్సిందే. ఆ బంధుత్వం సంగతి మరిచిపోయి పగను మాత్రం మిగుల్చుకున్నాయి మన పతాక శీర్షికలు. పోనీ, వాళ్లు దాయాదులే అనుకుందాం. వాటా పంచుకుని వేరుపడినవాళ్లు వాళ్లు. మేం ఈ ఇంట్లోనే ఉండిపోయినవాళ్లం. ఇల్లు విడిచిపోని అన్నదమ్ముణ్ణి పట్టుకుని ప్రతి మ్యాచ్‌కీ 'నీ వాటా అటే కదా' అని అడగడం ఏ ధర్మశాస్త్రం?

మా విధేయతకు సాక్ష్యం కావాలంటారా? మేం ఇవ్వం. మీరు పాఠ్యపుస్తకాల్లో రాయకుండా వదిలేసిన చరిత్ర మాత్రం గుర్తుచేస్తాం. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ మీద పోలీసు చర్య జరిగింది. రజాకార్ల పాపానికి సంబంధంలేని మామూలు ముస్లింలు పల్లెల్లో ఊచకోతకు గురయ్యారు. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు తొక్కిపెట్టారు. ఈ నగరంలో ముస్లిం అంటే అనుమానితుడని ముద్రపడిన కాలం అది. ఆ కాలంలోనే హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదివిన బడిపంతులు. భారత జట్టు ఆయన చేతిలోకి వచ్చాక 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం వచ్చాయి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం, వీళ్లంతా ఈ గల్లీల్లో, ఈ మైదానాల్లో కాళ్లు అరగదీసుకున్నవాళ్లే.

జకార్తా కథ చెప్పకుండా ముందుకు పోలేం. ఇజ్రాయెల్, తైవాన్‌లను పోటీలకు రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి ఒకరు తప్పుపట్టారు. దాంతో అక్కడి జనం మన మీద మండిపడ్డారు. ఫైనల్లో దక్షిణ కొరియాతో తలపడటానికి మన జట్టు దిగితే స్టేడియం స్టేడియమంతా ఈలలు, గేలి. ఆ హోరులో మన జట్టును ఉత్సాహపరిచింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని ఆనాటి మన ఆటగాళ్లు చెప్పుకునేవారు. అవే పోటీల్లో హాకీ ఫైనల్లో మనల్ని ఓడించినవాళ్లు వాళ్లు. మనం 2-1తో గెలిచాం. క్యాన్సర్‌తో తింటున్న ఒంటితోనే ఆ జట్టును నడిపిన రహీం 1963 జూన్‌లో కన్నుమూశాడు. ఆ రోజు జకార్తాలో కుదిరిన స్నేహానికి ఏ విదేశాంగ శాఖ ముసాయిదా రాసింది? ఎవరు జెండా ఊపారు? ఆటగాడి కష్టం తెలిసిన ఆటగాళ్లు చేసిన పని అది.

ఇప్పుడు లౌకికవాదులైన మిత్రులకు ఒక మాట. ఇది ముస్లింల గోడు, విని సానుభూతి చూపితే చాలు అనుకోకండి. మాకోసం పెట్టిన పరీక్ష మా దగ్గరే ఆగలేదు. 2021 అక్టోబర్ 24న దుబాయ్‌లో మన జట్టు పాకిస్తాన్ చేతిలో 10 వికెట్ల తేడాతో ఓడింది. పదకొండు మందీ ఓడారు, తిట్లు మాత్రం మహమ్మద్ షమీకి పడ్డాయి. విచిత్రమేమిటంటే, నల్లజాతివాళ్ల మీద వివక్షకు నిరసనగా మన ఆటగాళ్లు మోకాలి మీద కూర్చున్నది ఆ మ్యాచ్‌కి ముందే! షమీ పక్షాన కెప్టెన్ కోహ్లి గట్టిగా నిలబడితే, ఏడాది నిండని ఆయన కూతురి మీద రాయలేని బెదిరింపులు వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల హాకీ జట్టు సెమీఫైనల్లో ఓడితే, హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు టపాకాయలు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువయ్యారు కాబట్టే ఓడిందని కులం పేరుతో తిట్టారు. దేశం ఓడితే టపాకాయలు కాల్చినవాళ్లు ఎవరో చూడండి. వాళ్ల దేశభక్తిని ఎవరు తూచారు?

నీరజ్ చోప్రా సంగతీ చూడండి. 2024 ఆగస్టులో పారిస్‌లో అర్షద్ నదీం 92.97 మీటర్లు విసిరి స్వర్ణం, నీరజ్ 89.45 మీటర్లతో రజతం గెలిచారు. స్వర్ణం గెలిచినవాడూ మా బిడ్డేనని హర్యానాలో నీరజ్ తల్లి అంది. నీరజ్ కూడా తనకు కొడుకులాంటివాడేనని పాకిస్తాన్ పంజాబ్‌లో అర్షద్ తల్లి అంది. రెండు ప్రభుత్వాలు ఏళ్లతరబడి చేయలేని పనిని ఇద్దరు పల్లెటూరి తల్లులు ఒక్క మాటతో చేశారు. తొమ్మిది నెలలు తిరక్కముందే ఏమైంది? పహల్గాంకి ముందు పంపిన ఒక పోటీ ఆహ్వానాన్ని సాకు చేసుకుని నీరజ్‌ని ద్రోహి అన్నారు. ఏడాది కింద పొగిడిన ఆ తల్లి మాటలనే ఎత్తి ఆమెనూ తిట్టారు. సైన్యంలో ఉన్నవాడు, దేశానికి ఒలింపిక్ స్వర్ణం తెచ్చినవాడు తన దేశభక్తికి సంజాయిషీ రాసివ్వాల్సి వచ్చింది. మా గల్లీ చివర పెట్టిన తనిఖీ గేటు ఆయన ఇంటి ముందుకీ వచ్చింది. రేపు మీ ఇంటి ముందుకు వస్తుంది.

'మీ గల్లీల్లో టపాకాయలు కాల్చే కుర్రాళ్లు లేరా?' అని అడుగుతారు. ఉన్నారు. దాచం. పాకిస్తాన్ మీద ప్రేమతో కాల్చేవాళ్లు ఎంతమందో, 'ఎలాగూ మీరు అనేది అనకమానరు కదా' అన్న కసితో కాల్చేవాళ్లు ఎంతమందో వాళ్లని అడిగితే తెలుస్తుంది. ఏ జట్టుకైనా చప్పట్లు కొట్టడం నేరం కాదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల జెర్సీలు తొడుక్కుని తిరిగే కుర్రాళ్లని ఎవరూ ద్రోహులనరు. అయినా మా కుర్రాళ్లకి మేం చెప్పేది ఒకటుంది. తమ్ముళ్లూ, మిమ్మల్ని ఎన్నడూ చూడని పదకొండు మంది గెలుపులో మీ పరువు వెతుక్కోకండి. మీ పరువు మీ ఊళ్లోనే ఉంది. రహీం సాబ్ మీవాడు. గులాం అహ్మద్, అజహరుద్దీన్, ఆటో నడిపిన తండ్రి కొడుకు సిరాజ్ మీవాళ్లు. ఎవరో ఎగతాళిగా విసిరిన 'మీవాళ్లు' అన్న మాటను నెత్తికెత్తుకుంటే, ఉచ్చు పన్నినవాడి పని మీరే సులువు చేసినట్టు.

మా ఇంటి పెద్దలనూ వదిలిపెట్టం. 2005లో సానియా మీర్జా ఆట కంటే ఆమె స్కర్టు పొడవు మీద ఎక్కువ మాట్లాడిన మతపెద్దలున్నారు. అదే సానియాను 2014లో తెలంగాణ ప్రచారకర్తగా ప్రకటిస్తే 'పాకిస్తాన్ కోడలు' అన్న రాజకీయ నాయకుడూ ఉన్నాడు. ఒకడు బట్ట కొలిచాడు, ఇంకొకడు పెళ్లి కొలిచాడు. ఇద్దరికీ ఆడపిల్ల రాకెట్టు కనబడలేదు. నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ నిక్కరు తొడుక్కుని రింగులోకి దిగితే ఇరుగుపొరుగు నొసలు చిట్లించారు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయ్యాక అందరూ దండలు పట్టుకొచ్చారు. గెలిచాక వేసే దండ మాకొద్దు. గెలవకముందే మా పిల్లలకి గల్లీ చివర మైదానం కావాలి.

ఆట దానంతటది సమాజాన్ని మార్చదు. నూరేళ్లకు ముందు పాల్వంకర్ బాలూ అనే దళితుడు దేశంలోకెల్లా గొప్ప స్పిన్నర్. 1911లో ఇంగ్లండ్ వెళ్లి వందకు పైగా వికెట్లు తీశాడు. పూనాలో మైదానంలో అతని చేతి బంతిని అందరూ తాకేవారు, టీ మాత్రం అతనికి బయట వేరే పాత్రలో పోసేవారు. హిందూ జట్టుకి అతన్ని ఎన్నడూ కెప్టెన్‌ని చేయలేదు. పోరాడితేనే 1923లో అతని తమ్ముడు విఠల్ కెప్టెన్ కాగలిగాడు. వికెట్లు తీస్తే ఆట మారింది, అడిగితే సమాజం మారింది. 2025 ఆగస్టులో ఓవల్‌లో సిరాజ్ మ్యాచ్ మొత్తంలో 9 వికెట్లు తీసి ఆరు పరుగుల తేడాతో గెలిపిస్తే దేశమంతా 'మనోడు' అంది. సంతోషం. ఓడిన రోజు కూడా 'మనోడు' అనగలరా? జర్మనీ ఫుట్‌బాల్ ఆటగాడు మెసుట్ ఓజిల్ 2018లో జాతీయ జట్టు వదిలేస్తూ అడిగింది ఇదే.

అనగలిగిన జనం ఉన్నారు. 1999 జనవరి 31న చెన్నైలో పాకిస్తాన్ 12 పరుగులతో గెలిస్తే, గుండె పగిలిన చెపాక్ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 2023 అక్టోబర్‌లో ఉప్పల్‌లో పాకిస్తాన్ ఆటగాడు రిజ్వాన్ సెంచరీ కొడితే హైదరాబాద్ జనం మతం చూడకుండా మెచ్చుకున్నారు. నాలుగు రోజుల తర్వాత అహ్మదాబాద్‌లో అదే రిజ్వాన్ ఔటయి వెళ్తుంటే దేవుడి పేరును తిట్టులాగా విసిరారు. 2021 జనవరిలో సిడ్నీలో సిరాజ్‌ని ప్రేక్షకులు దూషిస్తే ఆట ఆపి, ఆరుగురిని స్టేడియం బయటికి పంపారు. అహ్మదాబాద్‌లో ఎవరూ ఆట ఆపలేదు. ఉప్పల్, అహ్మదాబాద్ రెండూ మన దేశంలోవే. ఏది మన దేశమో తేల్చుకోవాల్సింది మీరు, మేం కలిసి.

కాబట్టి మేం అడిగేవి పెద్ద కోరికలేం కావు. పత్రికల్లోని మిత్రులు ఆట వార్తల్లోంచి యుద్ధాన్ని, పగను తీసేయాలి. స్టేడియంలో మతం పేరుతో, కులం పేరుతో తిట్టినవాణ్ణి సిడ్నీలోలా బయటికి పంపాలి. చప్పట్లకు కేసులు పెట్టడం మానాలి. సంబంధాలు బాగుపడ్డ రోజున నాయకుల కంటే ముందు మామూలు ప్రేక్షకులకి వీసాలివ్వాలి. మా బస్తీల్లో మైదానాలు మిగలాలి, వాటిలో ఆడపిల్లలకూ చోటుండాలి. ప్రభుత్వాలు ఇవన్నీ చేసేదాకా ఆగనవసరం లేకుండా మీరు ఇవాళే చేయగలిగింది కూడా ఒకటుంది. ఈసారి మ్యాచ్ రోజున మేం ఎదురైతే స్కోరెంతని అడగండి. చెప్తాం. ఎవరు బాగా ఆడారో, ఎవరు క్యాచ్ జారవిడిచారో చాయ్ తాగుతూ గంటసేపు వాదించుకుందాం. మేం ఎవరివాళ్లమని మాత్రం అడక్కండి.